కోణం దగ్గర నిలబడి చూడండి: లంబకోణ త్రిభుజాల మీద మీ ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో త్రికోణమితి మీద డౌట్లుంటే రాయండి అన్నామో లేదో ఉత్తరాలు కుప్పగా వచ్చిపడ్డాయి, పిల్లలు రాసారు, వాళ్ళ అమ్మానాన్నలు రాసారు, ఎప్పుడో చదువు ఆపేసి ఇప్పుడు మళ్ళీ లెక్కలు పట్టుకున్నవాళ్ళు కూడా రాసారు. అన్నీ చదివాక నాకు అర్థమయింది ఏంటంటే, ఫార్ములా రానివాళ్ళు దాదాపు లేరు. సైన్ అంటే ఎదుటి భుజం బై కర్ణం అని అందరికీ నోటికొచ్చు, కానీ బొమ్మలో ఏది ఎదుటిది ఏది పక్కది అనే చోటే కాలు జారుతోంది. అందుకే ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నా, కాస్త పొడుగ్గానే చెప్తా, పక్కన ఒక తెల్లకాగితం, పెన్సిలు పెట్టుకుని చదవండి.

ప్రశ్న: మేడం, నేను పదో తరగతి. 5 మీటర్ల నిచ్చెన గోడకి ఆనించి ఉంది, నేలతో 75 డిగ్రీల కోణం చేస్తోంది, గోడకి ఎంత ఎత్తులో తాకుతుంది అని లెక్క ఇచ్చారు. నేను కాస్ 75 వేసి 1.29 మీటర్లు అని రాసా, మొత్తం కొట్టేసారు. సైన్ వేయాలట. ఏది ఎప్పుడు వేయాలో నాకు అస్సలు తెలీట్లేదు, ఒకసారి సైన్ ఒకసారి కాస్ అని గుడ్డిగా పెట్టేస్తున్నా.

జవాబు: నాన్నా, నువ్వు చేసిన గుణకారం కరెక్టే, కాస్ 75° అంటే 0.2588, దాన్ని 5తో గుణిస్తే 1.29 యే వస్తుంది. కానీ ఒక్కసారి కళ్ళు మూసుకుని ఆ నిచ్చెన ఊహించుకో. 75 డిగ్రీలంటే దాదాపు నిటారుగా నిలబెట్టినట్టే కదా, అంత నిటారుగా ఉన్న 5 మీటర్ల నిచ్చెన పైకొస మనిషి ఛాతీ ఎత్తుకి వచ్చి ఆగిపోతుందా? ఆగదు. ఆన్సర్ రాసేముందు ఈ ఒక్క చూపు చూసుంటే నీకే తెలిసిపోయేది.

ఇప్పుడు అసలు సంగతి. బొమ్మ గీయి, నేల అడ్డంగా, గోడ నిలువుగా, నిచ్చెన ఏటవాలుగా. గోడా నేలా కలిసే మూల దగ్గర 90 ఉంది, దానికి ఎదురుగా ఉన్నది నిచ్చెన, అదే కర్ణం, దాని పేరు ఎవరి కోసమూ మారదు. మిగతా రెండు భుజాలకీ మాత్రం సొంత పేర్లు లేవు. నువ్వు ఏ కోణం తీసుకున్నావో దాన్నిబట్టే వాటికి పేర్లొస్తాయి. నా దగ్గర చదువుకునే పిల్లలతో నేనొక పని చేయిస్తా, ఇచ్చిన కోణం మీద వేలు పెట్టమంటా. నీ వేలు 75 మీద పెట్టు, అంటే నిచ్చెన కాలు నేలకి తగిలే చోట. ఆ వేలికి తగలకుండా దూరంగా ఉండిపోయిన భుజం ఏది? గోడ. అదే ఎదుటి భుజం. వేలికి రెండు భుజాలు తగులుతున్నాయి, ఒకటి కర్ణం, అది పోగా మిగిలింది నేల, అదే పక్క భుజం, పుస్తకంలో ఆసన్న భుజం అంటారు. నీకు కావల్సింది గోడ ఎత్తు, అంటే ఎదుటిది, చేతిలో ఉన్నది కర్ణం, ఈ రెండూ కలిసేది సైన్ లో. 5 × 0.9659, అంటే 4.83 మీటర్లు.

ఇక్కడితో ఆగిపోకు, ఇదే నిచ్చెనని ఇంకో రకంగా అడుగుతా. నిచ్చెన గోడతో 15 డిగ్రీల కోణం చేస్తోంది, ఎత్తెంత? నిచ్చెన కదల్లేదు, గోడ కదల్లేదు, ఎత్తు అదే 4.83. కానీ ఇప్పుడు వేలు పైకి వెళ్ళాలి, నిచ్చెన గోడని తాకే చోటికి. ఇక్కణ్ణించి చూస్తే గోడ వేలికి తగులుతోంది, అంటే ఇందాక ఎదుటిది అయిన గోడే ఇప్పుడు పక్కది అయిపోయింది, కాబట్టి కాస్ 15°, దాని విలువ కూడా 0.9659 యే. సైన్ 75, కాస్ 15 ఒకటే ఎందుకయ్యాయో ఇప్పుడు కనబడిందా? ఒకే గోడని రెండు మూలల నుంచి చూసారు, అంతే. కోసైన్ లో ఉన్న ఆ "కో" కూడా పూరక కోణం అనే అర్థంలో వచ్చిందే, 90కి మిగిలిన కోణం తాలూకు సైన్ అని. ఎత్తు అంటే సైన్, అడ్డం అంటే కాస్ అని కొందరు బట్టీ పట్టేస్తారు, ఈ నిచ్చెన లెక్కని గోడ వైపు కోణంతో ఇచ్చిన మరుక్షణం ఆ బట్టీ దెబ్బతింటుంది.

ఏది వాడాలన్నదానికి నేను చెప్పేది ఇంతే, లెక్కలో తెలిసిన భుజం ఒకటి, కావల్సిన భుజం ఒకటి, ఆ రెంటికీ ముందు పేర్లు పెట్టు, తర్వాతే ఫార్ములా. కర్ణం ఊసు ఉండి దానికి తోడు ఎదుటిది ఉంటే సైన్, కర్ణానికి తోడు పక్కది ఉంటే కాస్, అసలు కర్ణం ఊసే లేకపోతే టాన్, అంటే ఎదుటిది బై పక్కది.

నీ 1.29 కూడా వృథా పోలేదు, అది నిచ్చెన కాలు గోడకి ఎంత దూరంలో ఉందో చెప్తుంది. రెండూ కలిపి సరిచూసుకో: 4.83 స్క్వేర్ 23.33, 1.29 స్క్వేర్ 1.66, కలిపితే 24.99, కర్ణం స్క్వేర్ 25 కదా, సరిపోయింది. ఇంకో మాట, నిచ్చెన పై ఎత్తు 4 వంతులుంటే కాలు 1 వంతు బయటికి పెట్టాలని జాగ్రత్త కోసం చెప్తుంటారు, టాన్ విలువ 4 అయ్యే కోణం దాదాపు 76 డిగ్రీలు, అంటే నీ లెక్కలో నిచ్చెన కూడా ఇంచుమించు అలాగే పెట్టారన్నమాట.

ప్రశ్న: మా అమ్మాయికి లెక్కలు నేనే చెప్తున్నాను. సైన్ 30 ఎప్పుడూ అరే అని చెప్తే, చిన్న త్రిభుజమైనా పెద్ద త్రిభుజమైనా అరే ఎలా అవుతుందమ్మా అంది. నా దగ్గర జవాబు లేదు, అలా గుర్తుపెట్టుకో అనేసాను, అప్పట్నుంచి మనసులో పీకుతోంది.

జవాబు: మీ అమ్మాయి అడిగింది అన్నిటికంటే మంచి ప్రశ్న అండి, దీనికి జవాబు దొరికితే మిగతా త్రికోణమితి అంతా దాని మీదే కట్టుకోవచ్చు. ఇద్దరూ కలిసి కాగితం మీద ఒక అడ్డగీత గీయండి, దాని ఒక చివర ప్రొట్రాక్టర్ పెట్టి 30 డిగ్రీల్లో ఏటవాలు గీత గీయండి, పొడుగ్గా. ఆ ఏటవాలు గీత మీద 6 సెంటీమీటర్ల దగ్గర ఒక చుక్క, 10 దగ్గర ఒకటి, 14 దగ్గర ఒకటి పెట్టి ఒక్కో చుక్క నుంచీ కిందకి నిలువుగా గీత దించండి. స్కేలు పెట్టి కొలవండి, 3, 5, 7 వస్తాయి. పెన్సిలు మందం వల్ల ఒక మిల్లీమీటరు అటూఇటూ అవ్వచ్చు కానీ కథ అదే. మూడు త్రిభుజాల్లోనూ 30 ఉంది, 90 ఉంది, మిగిలింది 60, కోణాలన్నీ ఒకటే అయితే ఆకారం ఒకటే, సైజే వేరు, ఒక ఫోటోని పెద్దది చేయించినట్టు. ఫోటో పెద్దదయితే ముక్కూ పెరుగుతుంది చెవీ పెరుగుతుంది, ఒకదానికి ఒకటి ఎన్నో వంతు అన్నది మాత్రం మారదు. దీన్నే సరూప త్రిభుజాలు అని పాఠంలో చెప్పేది.

మరి సరిగ్గా అరే ఎందుకు? ఆ 30 డిగ్రీల త్రిభుజాన్ని అడ్డగీత కింద అద్దంలో బొమ్మలా మళ్ళీ గీయమనండి. రెండూ కలిస్తే మూల దగ్గర 30 ప్లస్ 30 అంటే 60, మిగతా రెండు మూలల్లోనూ 60, అంటే మూడు వైపులూ సమానమైన త్రిభుజం. దాని నిలువు భుజం కర్ణంతో సమానం, కానీ ఆ నిలువు భుజంలో సగమే మన మొదటి త్రిభుజానిది. అందుకే అర. ఇది ఆ పాప తన చేత్తో తనే గీసి చూస్తే ఇక మర్చిపోదు.

ఇంకా హుషారుగా ఉంటే 40 డిగ్రీలకీ చేయండి, కర్ణం 10 సెంటీమీటర్లు పెడితే నిలువు గీత 6.4 దగ్గర తేలుతుంది, క్యాలిక్యులేటర్ లో సైన్ 40 కొడితే 0.6428 అని చూపిస్తుంది. మీ పాప తనే సొంతంగా ఒక సైన్ పట్టిక తయారుచేసుకోవచ్చు, నేనైతే ప్రతి బడిలోనూ పట్టిక ఇచ్చేముందు ఇది చేయించాలంటాను.

ప్రశ్న: 12 మీటర్ల ఎత్తున్న మేడ మీంచి కింద ఆగి ఉన్న బండిని చూస్తే నిమ్నకోణం 35 డిగ్రీలు, బండి మేడకి ఎంత దూరంలో ఉంది అని లెక్క. నాకు 8.40 వచ్చింది, పుస్తకం వెనకాల 17.14 అని ఉంది. మూడుసార్లు చేసా, మూడుసార్లూ అదే 8.40. పుస్తకంలో తప్పేమో అనిపిస్తోంది.

జవాబు: పుస్తకం కరెక్టేనమ్మా. విచిత్రం ఏంటంటే ఈ లెక్కలో 8.40 రావడానికి రెండు వేరువేరు తప్పుదారులున్నాయి, నువ్వు ఏ దారిలో వెళ్ళావో నీ నోటుబుక్కు చూసుకుంటే నీకే తెలుస్తుంది, రెండూ చెప్తా.

మొదటిది బొమ్మలో. మేడ మీద నిలబడ్డ మనిషి ముందు తిన్నగా ఎదురుగా చూస్తాడు, తర్వాత చూపు కిందకి దించుతాడు, ఆ దించిన కోణమే నిమ్నకోణం. అంటే అది కంటి దగ్గర అడ్డంగా పోయే ఊహాగీతకీ చూపుకీ మధ్య ఉంటుంది. చాలామంది దాన్ని గోడకీ చూపుకీ మధ్య పెట్టేస్తారు, బొమ్మలో ఆ అడ్డగీత ఉండదు కదా, ఉన్న త్రిభుజంలోనే ఎక్కడో ఒకచోట 35 ఇరికించేస్తారు. అలా పెడితే 12 పక్కది అవుతుంది, దూరం 12 × టాన్ 35°, అంటే 8.40. సరైన పద్ధతిలో ఆ అడ్డగీత చుక్కలతో గీసుకో, అది నేలకి సమాంతరం, చూపు గీత రెంటినీ కోస్తోంది, ఏకాంతర కోణాలు సమానం కాబట్టి కింద బండి దగ్గర కూడా 35 యే. వేలు బండి దగ్గర పెట్టు, 12 ఎదుటిది, దూరం పక్కది.

రెండోది బొమ్మ సరిగ్గా వేసాక జరిగేది. టాన్ 35° = 12 / దూరం అని సరిగ్గానే రాస్తారు, అక్కడ్నుంచి దూరం కింద ఉందని గమనించకుండా దూరం = 12 × టాన్ 35° అని చకచకా రాసేస్తారు. కావల్సింది కింద ఉంటే రెండు అడుగులు వేయాలి, ముందు రెండు వైపులా దూరంతో గుణిస్తే దూరం × టాన్ 35° = 12, తర్వాత టాన్ తో భాగిస్తే దూరం = 12 / 0.7002 = 17.14. తొందరపడి ఒక్క అడుగులో దూకితేనే గుణకారం భాగహారం తారుమారయ్యేది.

ఇలాంటిది పట్టుకోడానికి 45ని గుర్తుపెట్టుకో. కోణం 45 అయితే ఎదుటిదీ పక్కదీ సమానం. 45 కంటే తక్కువైతే పక్కదే పెద్దది. నీ కోణం 35, కాబట్టి దూరం 12 కంటే ఎక్కువ ఉండి తీరాలి, 8.40 రాగానే పెన్ను పక్కన పెట్టి బొమ్మ మళ్ళీ చూడాలి.

ప్రశ్న: క్యాలిక్యులేటర్ పాడయిందా? సైన్ 30 కొడితే మైనస్ 0.988 వస్తోంది.

జవాబు: పాడవలేదు, రేడియన్ మోడ్ లో ఉంది. స్క్రీన్ పైన ఒక మూల డి, ఆర్, జి అని చిన్న అక్షరం ఉంటుంది చూడండి, డి అంటే డిగ్రీలు, మీదిప్పుడు ఆర్ మీద ఉండుంటుంది. ఒక రేడియన్ అంటే దాదాపు 57.3 డిగ్రీలు, మీరు 30 అంటే అది 30 రేడియన్లు అనుకుని 1719 డిగ్రీలు తిరిగింది, నాలుగు చుట్లు పూర్తిగా తిరిగి ఇంకో 279 డిగ్రీలు, అక్కడ సైన్ మైనస్ 0.988. జి మీద ఉంటే 0.454 వస్తుంది, అది గ్రేడియన్, లంబకోణాన్ని 100 భాగాలు చేసే లెక్క. పరీక్షకి కూర్చోగానే ముందు సైన్ 30 కొట్టి 0.5 వచ్చిందా అని చూసుకోవడం మంచి అలవాటు. మోడ్ తప్పయితే ప్రతిసారీ మైనస్ వచ్చి మనల్ని హెచ్చరించదు, టాన్ 45 కొడితే 1 రావల్సింది 1.62 వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, అదే ప్రమాదం.

ప్రశ్న: చక్రాల కుర్చీ కోసం 60 సెంటీమీటర్ల ఎత్తుకి ర్యాంపు కట్టాలనుకుంటున్నాం. 12కి 1 వాలు ఉండాలన్నారు. అది ఎన్ని డిగ్రీలు? మా అబ్బాయి టాన్ మైనస్ ఒకటి వేసి 12 డిగ్రీలన్నాడు, నాకెందుకో ఎక్కువనిపించింది.

జవాబు: మీ అనుమానం నిజమేనండి, 12 డిగ్రీలంటే చాలా ఎక్కువ, దయచేసి అలా కట్టకండి. 12కి 1 అంటే నేల మీద 12 వంతులు వెళ్తే 1 వంతు పైకి లేవడం, ఎదుటిది 1, పక్కది 12, కాబట్టి టాన్ విలువ 1/12, అంటే 0.0833. ఏ కోణానికి టాన్ ఇంత ఉంటుంది అని వెనక్కి అడగాలి, ఆ వెనక్కి అడగడమే టాన్⁻¹. క్యాలిక్యులేటర్ లో షిఫ్ట్ నొక్కి టాన్ నొక్కితే వచ్చేది అదే, జవాబు 4.76 డిగ్రీలు.

మీ అబ్బాయి ఆ పైనున్న మైనస్ 1ని చూసి తలకిందులు చేయడం అనుకున్నాడు, 1/12ని తిరగేస్తే 12, దానికి డిగ్రీలు తగిలించాడు. తప్పు అతనిది మాత్రమే కాదు, 5⁻¹ అంటే 1/5 అని మనమే నేర్పి అదే గుర్తు ఇక్కడ వేరే అర్థంలో వాడుతున్నాం. తలకిందులు చేస్తే వచ్చే వాటికి వేరే పేర్లున్నాయి, సైన్ ని తిరగేస్తే కోసెక్, కాస్ ని తిరగేస్తే సెక్, టాన్ ని తిరగేస్తే కాట్. షిఫ్ట్ బటన్ చేసేది వేరు, నిష్పత్తి ఇస్తే కోణం తెచ్చిస్తుంది.

తేడా ఎంతో చూడండి. సరైన వాలుకి 60 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కాలంటే నేల మీద 60 × 12, అంటే 7.2 మీటర్ల జాగా కావాలి. 12 డిగ్రీలతో కడితే 2.82 మీటర్లలోనే ఎక్కేయాలి, కుర్చీలో కూర్చున్నవాళ్ళు సొంతంగా తోసుకోవడం చాలా కష్టం, దిగేటప్పుడు ఇంకా భయం. ఇంకోటి, ఏటవాలు పొడవు విడిగా లెక్కేయాలని అనుకుంటారు కదా, 7.2 స్క్వేర్ ప్లస్ 0.6 స్క్వేర్ కి రూట్ వేస్తే 7.225, అంటే నేల పొడవు కంటే రెండున్నర సెంటీమీటర్లే ఎక్కువ. కోణం ఇంత చిన్నదైతే కర్ణమూ పక్క భుజమూ దాదాపు ఒకటే.

ప్రశ్న: సైన్⁻¹ కొడితే మ్యాథ్ ఎర్రర్ అని వస్తోంది, ఎందుకు?

జవాబు: ఒకటి కంటే పెద్ద సంఖ్య ఇచ్చుంటావు. కర్ణం అన్నిటికంటే పెద్ద భుజం, ఎదుటిదాన్ని కర్ణంతో భాగిస్తే ఒకటి దాటదు. 4 బై 5 వేయాల్సింది 5 బై 4 వేస్తే 1.25, అలాంటి త్రిభుజమే లేదు, పాపం క్యాలిక్యులేటర్ నిజమే చెప్తోంది. పైదీ కిందదీ మార్చి చూడు. 4 బై 5కి 53.13 డిగ్రీలు వస్తుంది.

ప్రశ్న: సైన్ 30 అర కదా, మరి సైన్ 60 దానికి రెట్టింపు ఒకటి ఎందుకు కాదు?

జవాబు: కోణం రెట్టింపయితే ఎత్తు రెట్టింపవదు. ఏటవాలు కర్రని లేపుతూ పో, మొదట్లో కొస గబగబా పైకి లేస్తుంది, నిటారుకి దగ్గరపడేకొద్దీ పక్కకి జరగడమే తప్ప పైకి పెద్దగా లేవదు. అందుకే 30 దగ్గర 0.5, 60 దగ్గర 0.866, 90 దగ్గర 1. ఇదే కారణంగా సైన్ (ఎ + బి) ని విడగొట్టి సైన్ ఎ ప్లస్ సైన్ బి అని రాయకూడదు.

ప్రశ్న: రౌండ్ చేయడం ఎప్పుడు చేయాలి? మధ్యలో చేస్తే ఏమవుతుంది?

జవాబు: చివర్లోనే. ఒక్క ఉదాహరణ చాలు, 10ని కాస్ 85° తో భాగించాలి అనుకో, కాస్ 85° 0.08716, సరిగ్గా చేస్తే 114.7. దాన్ని ముందే 0.09 అని రౌండ్ చేసేస్తే 111.1. మూడున్నర తేడా, ఊరికే పోయింది.

ప్రశ్న: మా పిల్లలతో కలిసి ఒక చెట్టు ఎత్తు ఇంట్లో ఉన్న వస్తువులతోనే కొలవాలని ఉంది. ఎలా? ఎంత దూరంలో నిలబడాలి?

జవాబు: ఈ ఉత్తరం చూసి నాకు చాలా సంతోషమేసింది. ప్రొట్రాక్టర్ తీసుకుని తలకిందులుగా పట్టుకోండి, తిన్నటి అంచు పైకి రావాలి. మధ్యలో ఉన్న చిన్న రంధ్రంలో దారం కట్టి కొసకి ఏదైనా చిన్న బరువు వేలాడదీయండి. అంచుని కంటి దగ్గర పెట్టుకుని తిన్నగా ఎదురుగా చూస్తే దారం 90 మీద ఉంటుంది. ఇప్పుడు ఆ అంచు వెంట చెట్టు చిటారుకొమ్మ కనబడేదాకా పైకి వంచండి, దారం జరుగుతుంది, ఇంకొకరు పక్కనుంచి చదవాలి. 50 మీదో 130 మీదో ఆగిందనుకోండి, 90కీ దానికీ తేడా 40, అదే ఊర్ధ్వకోణం. మీరు చెట్టు మొదలుకి 20 మీటర్ల దూరంలో ఉంటే 20 × టాన్ 40°, అంటే 20 × 0.8391, 16.78 మీటర్లు. ఇది మీ కంటి మట్టం నుంచి పైకి. మీ కన్ను నేలకి మీటరున్నర ఎత్తులో ఉంటే అది కలపాలి, 18.28 మీటర్లు. ఈ కంటి ఎత్తు కలపడం దాదాపు అందరూ మర్చిపోతారు.

ఎంత దూరం అని అడిగారు చూడండి, అది చాలా ముఖ్యం. దారం ఊగుతుంది కాబట్టి ఒక డిగ్రీ అటూఇటూ తప్పు రాక తప్పదు. కంటి మట్టం పైన 20 మీటర్లున్న చెట్టుని తీసుకుందాం. 20 మీటర్ల దూరంలో నిలబడితే కోణం 45, ఒక డిగ్రీ తప్పయితే మనకి 19.3 నుంచి 20.7 మధ్యలో వస్తుంది, పర్లేదు. చెట్టు దగ్గరికెళ్ళి మూడున్నర మీటర్లలో నిలబడితే కోణం 80, అక్కడ అదే ఒక్క డిగ్రీ తప్పుకి 18.1 నుంచి 22.3 దాకా పోతుంది. పోనీ దూరంగా 200 మీటర్లకి పోతే కోణం 5.7 మాత్రమే, తప్పు ఇంకా పెరిగి 16.5 నుంచి 23.5 దాకా. అంటే మరీ దగ్గరా వద్దు మరీ దూరమూ వద్దు, చెట్టు ఎత్తు ఎంత ఉంటుందనుకుంటున్నారో దాదాపు అంత దూరంలో, దారం 45 డిగ్రీల దగ్గర్లో చూపించే చోట నిలబడండి, తప్పు అక్కడే అన్నిటికంటే తక్కువ. పిల్లలతో మూడు చోట్ల నుంచీ కొలిపించి పోల్చమనండి, ఒక్క సాయంత్రంలో బోలెడు అర్థమవుతుంది.

ప్రశ్న: చెట్టు దగ్గరికైతే వెళ్ళొచ్చు, కొండ అయితే? దాని మొదలు లోపలెక్కడో ఉంటుంది, దూరం కొలవలేం కదా.

జవాబు: అందుకే రెండు చోట్ల నుంచి చూస్తారు. ఒక చోట నుంచి చూస్తే 30 డిగ్రీలు, తిన్నగా 40 మీటర్లు ముందుకి నడిచి చూస్తే 60 అనుకోండి. ఇలాంటి లెక్క కనబడగానే అందరూ రెండు టాన్ సమీకరణాలు రాసేసి రూట్ 3లతో కుస్తీ పడతారు, ఆగి బొమ్మ చూస్తే ఒక చక్కటి దారి ఉంది. దగ్గరి చోట కోణం 60, దూరపు చోట 30, బయటి కోణం లోపలి రెండు ఎదుటి కోణాల మొత్తానికి సమానం కాబట్టి కొస దగ్గర కూడా 30 యే. రెండు కోణాలు సమానమంటే రెండు భుజాలు సమానం, అంటే దగ్గరి చోటు నుంచి కొసకి ఏటవాలు దూరం కూడా 40 మీటర్లే. ఇక 40 × సైన్ 60°, 34.64 మీటర్లు, ఒక్క వరసలో అయిపోయింది.

కోణాలు అంత ముచ్చటగా కుదరకపోతే కాట్ వాడండి. ఎత్తు ఎంతైనా మొదలుకి దూరం ఎత్తు × కాట్ అవుతుంది, రెండు దూరాల తేడా మీరు నడిచిన దూరం. 28 డిగ్రీలు, 50 మీటర్లు ముందుకెళ్ళాక 41 అనుకుంటే, కాట్ 28° 1.8807, కాట్ 41° 1.1504, తేడా 0.7303, 50ని దాంతో భాగిస్తే 68.46 మీటర్లు, కంటి ఎత్తు కలపడం మర్చిపోకండి. నడిచేది మాత్రం కొండ వైపు తిన్నగా, చదునైన నేల మీదే అయ్యుండాలి, లేకపోతే రెండు త్రిభుజాలూ ఒకే గీత మీద కూర్చోవు.

ప్రశ్న: నేను రిటైరయ్యాక సరదాగా లెక్కలు చదువుతున్నాను. సైన్ అనే మాట ఎక్కణ్ణించి వచ్చింది? సంస్కృతంలో జ్యా అనేవారని విన్నాను, రెంటికీ సంబంధం ఉందా?

జవాబు: ఉందండి, సైన్ అనేది ఆ జ్యా ప్రయాణం చేసి చేసి మారిన రూపమే. జ్యా అంటే వింటినారి. వృత్తంలో ఒక చాపం గీసి దాని రెండు కొసలూ కలిపితే విల్లూ నారీ లాగే ఉంటుంది కదా, అందుకా పేరు. ఆ నారిలో సగం అర్ధజ్యా, మన ఎదుటి భుజం అదే, వాడగా వాడగా దాన్నే జ్యా అనేసారు. అది అరబ్బీలోకి జీబా అని వెళ్ళింది, అరబ్బీలో అచ్చులు రాయకుండా హల్లులే రాస్తారు కాబట్టి తర్వాతివాళ్ళు దాన్ని జైబ్ అని చదివారు, జైబ్ అంటే వాళ్ళ భాషలో బట్ట మడత, వక్షం అనే అర్థాలున్నాయి. 12వ శతాబ్దంలో లాటిన్ లోకి మార్చినవాళ్ళు ఆ అర్థం తీసుకుని సైనస్ అన్నారు. కోసైన్ ని మనవాళ్ళు కోటిజ్యా అనేవారు, టాంజెంట్ అనే పేరు మాత్రం చాలా తర్వాత 1583లో థామస్ ఫింక్ పెట్టాడు.

క్రీస్తుశకం 499 నాటి ఆర్యభటీయంలో జ్యా పట్టిక ఉంది, అది చూస్తే మీకు చాలా నచ్చుతుంది. ఆర్యభటుడు చుట్టు మొత్తాన్ని 21600 కళలుగా తీసుకున్నాడు, డిగ్రీకి 60 చొప్పున, అప్పుడు వ్యాసార్ధం దాదాపు 3438 అవుతుంది. లంబకోణాన్ని 24 ముక్కలు చేసాడు, ఒక్కోటి 225 కళలు, అంటే మూడు ముప్పావు డిగ్రీలు. జ్యాలు నేరుగా ఇవ్వకుండా ఒక్కో ముక్కకీ జ్యా ఎంత పెరుగుతుందో ఆ తేడాలిచ్చాడు, 225, 224, 222, 219, 215, 210, 205, 199 అని అలా పోతాయి. మొదట్లో ఎక్కువ పెరిగి పోనుపోను తగ్గుతోంది చూడండి, పైన సైన్ 60 గురించి రాసిన పిల్లాడికి చెప్పింది ఇదే. 30 డిగ్రీలంటే సరిగ్గా ఎనిమిది ముక్కలు, కాబట్టి ఈ ఎనిమిదీ కలపండి. 449, 671, 890, 1105, 1315, 1520, చివరికి 1719. దాన్ని 3438తో భాగించి చూడండి, సరిగ్గా అర.